తినే బల్లా, మ్యూజియమా?

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. రెండేళ్ల కింద ఆపరేషన్ అయి మూడు నెలలు ఇంటిపట్టున ఉండాల్సి వచ్చినప్పుడు ఆవిడ క్విల్టింగ్ (పొరలు పేర్చి బొంతలా కుట్టే పని) నేర్చుకున్నారు. దుప్పటంత పెద్దది కుట్టే ఓపిక లేక టేబుల్ రన్నర్లతో, అంటే బల్ల మధ్యన పొడుగ్గా పరిచే సన్నటి గుడ్డలతో, మొదలుపెట్టారు. కాలానికొకటి చొప్పున కుట్టి డైనింగ్ టేబుల్ మీద మారుస్తూ ఉండాలని ఆశ. ఇప్పటికి రెండు పూర్తయ్యాయి. వసంతానికి లేతాకుపచ్చ, పసుపు. చలికాలానికి తెలుపు మీద మెరూన్ ఆకులు. వానాకాలంది మిషన్ మీద సగంలో ఉంది.

ఇంట్లో ఉన్నది ఒక్కటే టేబుల్. ఐదుగురు తినేది దాని మీదే. పిల్లల హోంవర్కు, భర్త ల్యాప్‌టాప్, అత్తగారు ఆరిన బట్టలు మడతపెట్టడం, అన్నీ దాని మీదే. పొద్దున పరిచిన రన్నర్ పదింటికల్లా కనబడదు. "మా అత్తగారు నోరు తెరిచి ఒక్క మాట అనరు. రోజూ దాన్ని నాలుగు మడతలు వేసి ఫ్రిజ్ మీద పెట్టేస్తారు. దానికంటే తిట్టినా బాగుండేది" అని రాశారు.

పోయిన చలికాలంలో ఒక రాత్రి భోజనాల దగ్గర కొడుకు గ్లాసు దొర్లింది. మెరూన్ రంగు దిగి తెలుపంతా గులాబీ మచ్చలు. ఈవిడ గట్టిగా అరిచారు. ఆ పిల్లాడికి పన్నెండేళ్లు. అప్పటినుంచి పళ్లెం పట్టుకుపోయి సోఫాలో కూర్చుని తింటున్నాడు. ఆ రాత్రే భర్త, "ఇది తినే బల్లా, మ్యూజియమా?" అన్నారట. ఆ మాట ఈవిడ మనసులోంచి పోవడం లేదు.

ఇప్పుడు వానాకాలం రన్నర్‌కి బార్డరు వేశాక అంచులు అలలు అలలుగా లేస్తున్నాయి. ఆరుసార్లు ఇస్త్రీ చేసినా లాభం లేదు. ఈలోపు వానలు వెళ్లిపోయేలా ఉన్నాయి. మధ్యలో ఆడపడుచు ఫోన్: "ఖాళీగానే ఉంటావుగా వదినా, నాకూ ఒకటి కుట్టిచ్చెయ్యి." చివర్న మూడు ప్రశ్నలు అడిగారు. ఇవన్నీ మానెయ్యాలా? బీరువాలో దాచి ఎవరైనా వచ్చినప్పుడు మాత్రం తీయాలా? లేక ఈ ఇంట్లో నాకూ అడుగు చోటు ఉండాలని పట్టుబట్టాలా?

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది నాలుగో పేజీ అడుగున మీరు రాసిన కొలతలు. టేబుల్ 60 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పు. రన్నర్ 72 పొడవు, 16 వెడల్పు. మెత్తగా ఉంటుందని మధ్యలో లావుపాటి పాలిస్టర్ బ్యాటింగ్ (పైగుడ్డకూ అస్తరుకూ మధ్య పరిచే మెత్తటి పొర) వేశానని కూడా రాశారు. ముందు ఆ లెక్క చూద్దాం, మనుషుల సంగతి తర్వాత.

36లోంచి 16 తీసేస్తే మిగిలేది 20. అంటే రన్నర్‌కి అటు 10 అంగుళాలు, ఇటు 10. మామూలు భోజనం పళ్లెమే 10, 11 అంగుళాలు ఉంటుంది. అంటే మీ ఇంట్లో ఎవరు తినడానికి కూర్చున్నా పళ్లెం అంచు రన్నర్ మీదికి ఎక్కుతుంది. ఇక గ్లాసు ఎక్కడ పెడతారు? పళ్లేనికి అవతల, అంటే అరంగుళం ఎత్తున్న ఆ మెత్తటి అంచు మీద. గ్లాసు అడుగుభాగం సగం బల్ల మీద, సగం గుడ్డ మీద. అలా పెట్టిన గ్లాసు ఆ రోజు కాకపోతే మర్నాడు దొర్లేది, మీ అబ్బాయి చేత కాకపోతే మీ చేతే దొర్లేది. పిల్లాడి అజాగ్రత్త లేదనను. అందులో సగం వాటా మాత్రం ఆ 10 అంగుళాలదీ, ఆ బ్యాటింగ్‌దీ.

ఇంకోటి. 72 అంగుళాల రన్నర్ 60 అంగుళాల బల్ల మీద రెండు కొసల్లో ఆరేసి అంగుళాలు వేలాడుతుంది. ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది, ఎందుకంటే ఫొటోలో అక్కడ ఎవరూ కూర్చుని ఉండరు. మీరు ఐదుగురు. ఆ కొసన కూర్చున్న ఐదో మనిషి రోజూ రన్నర్‌ని ఒళ్లో పెట్టుకుని తినాలి. ఆ మనిషి మీ అత్తగారు కాదు కదా? ఉత్తరంలో రాయలేదు. అయితే మాత్రం ఆ నాలుగు మడతల కథ కొంత తేలిపోయినట్టే.

అంటే మీరు కుట్టినవి నిజానికి చూడటానికి కుట్టిన రన్నర్లు. వాటిని తినే చోట పరిచారు. మీవారి మాట గుచ్చుకునేలా ఉంది, అన్న సమయమూ మంచిది కాదు. అయినా ప్రశ్నలో విషయం ఉంది. నన్నడిగితే రెండూ ఉండొచ్చంటాను, కాకపోతే ఒకే గుడ్డతో కాదు.

ఆయన మ్యూజియం అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. అమెరికాలోని అలబామాలో గీస్ బెండ్ అని ఒక పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పాత పని బట్టలు, చిరిగిన ప్యాంట్లు, దొరికిన గుడ్డల్లా కోసి బొంతలు కుట్టేవారు. చలికి కప్పుకోవడానికి. కుట్లు అన్నీ తిన్నగా ఉండవు, పట్టీలు ఒకదానికొకటి సరిపోవు, మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన మచ్చలు అలాగే కనిపిస్తాయి. 2002లో వాటిని హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, 2006లో తపాలా బిళ్లల మీద వేశారు. మీవారికి జవాబుగా అప్పజెప్పమని చెప్పడం లేదు. ఆ బొంతలు ముందు ఏళ్ల తరబడి మనుషుల ఒంటి మీద ఉన్నాయి, గోడ ఎక్కింది తర్వాత. మీరు గోడ మీద ఉండాల్సినదాన్ని తెచ్చి నేరుగా గిన్నెల మధ్య పెట్టి, దాని మీద చుక్క పడకూడదంటున్నారు. అది గుడ్డకూ కష్టమే, ఇంట్లోవాళ్లకూ కష్టమే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఒకటి, తినే బల్ల మీదకే విడిగా ఒక రన్నర్ కుట్టడం. 12 అంగుళాల వెడల్పు, 36 పొడవు చాలు. మీ టేబుల్ మీద మధ్యలో వేస్తే నాలుగు వైపులా సరిగ్గా 12 అంగుళాల ఖాళీ ఉంటుంది. ఐదు పళ్లేలకూ చోటు, గ్లాసు పళ్లెం పక్కన పెట్టుకోవడానికీ చోటు. మధ్యలో లావు బ్యాటింగ్ వద్దు. పల్చటి కాటన్ బ్యాటింగ్ వేయండి, లేదా ఒక పొర ఫ్లానెల్ వేసినా సరిపోతుంది. గిన్నె కదలకుండా నిలబడుతుంది. కాటన్ బ్యాటింగ్ మొదటి ఉతుకులో నూటికి 3 నుంచి 5 వంతులు ముడుచుకుంటుంది. 36 అంగుళాల మీద ఒకటి నుంచి రెండు అంగుళాల దాకా పోతుందనుకుని ఆ మేరకు ఎక్కువ కోయండి. ఉతికాక వచ్చే ఆ సన్నటి ముడతలు కొందరికి నచ్చవు. నాకైతే బొంతకు అందమే అది.

పైగుడ్డకు చిన్న చిన్న అచ్చులున్న ముదురు రంగులు వాడండి. నూనె చుక్క పడినా వెతికితే గానీ కనపడదు. ముదురు ఎరుపు, మెరూన్, నీలం గుడ్డల్ని కోయకముందే విడివిడిగా ఉతకండి. తెల్ల గుడ్డ ముక్క తడిపి ఆ రంగు గుడ్డ మీద రుద్ది చూడండి. రంగు అంటితే ఇంకోసారి ఉతకాలి, మళ్లీ అంటితే ఆ గుడ్డ తెలుపు పక్కన పనికిరాదు. ఈ పని బద్ధకించి నేను మొదటి ఏడాదిలోనే ఒక మెరూన్ ముక్కతో ఏకంగా ఒక దుప్పటి పాడుచేసుకున్నాను, కాబట్టి మిమ్మల్ని అనే అర్హత నాకు లేదు. ఒక్క జాగ్రత్త: పొయ్యి మీంచి దించిన గిన్నెను మాత్రం దీని మీద నేరుగా పెట్టొద్దు. రన్నర్ వేడిని ఆపదు, పాలిస్టర్ అయితే కరిగి అతుక్కుంటుంది కూడా.

ఈ దారికి మీరు కట్టే మూల్యం ఏమిటంటే, ఈ రన్నర్ పాతబడుతుంది. ఉతికి ఉతికి వెలుస్తుంది, ఎక్కడో మరక మిగిలిపోతుంది. అది మీ కళ్లెదుటే, రోజూ. కుట్టిన చేతికి అది తేలిక కాదు. పాతబడటం చూసి తట్టుకోలేననుకుంటే ఈ దారి మీకు కాదు. మళ్లీ ఇంకో గ్లాసు, ఇంకో అరుపు తప్పవు.

రెండో దారి, ఇప్పటికే ఉన్న రెండు పెద్ద రన్నర్లకు వేరే చోటు చూడటం. టేబుల్ రన్నర్ అన్నంత మాత్రాన టేబుల్‌కే కట్టుబడి ఉండక్కర్లేదు. మంచం కాళ్లవైపు అడ్డంగా పరవొచ్చు. సోఫా వీపు మీదుగా వేయొచ్చు. 72 అంగుళాల పొడుగుంది కాబట్టి తలుపు పక్కన సన్నటి గోడకు నిలువుగా వేలాడితే ఎంత బాగుంటుందో ఒకసారి పట్టుకుని చూడండి. వెనక పైభాగాన 4 అంగుళాల వెడల్పున గుడ్డ గొట్టంలా చేతికుట్టుతో కుట్టి, అందులో కర్ర దూర్చితే చాలు. కుట్టు అస్తరుకు మాత్రమే పడాలి, పైకి రాకూడదు. కాలం మారినప్పుడు కర్ర తీసి రెండోది ఎక్కించడం రెండు నిమిషాల పని. ఎండ నేరుగా పడే చోట మాత్రం వద్దు. కాటన్ రంగులు కిటికీ పక్కన చూస్తుండగానే వెలిసిపోతాయి.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది, దాచను. గోడ మీద ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోరు కానీ, నెల తిరిగేసరికి ఎవరూ చూడరు కూడా. మీ ఉత్తరంలో పైకి చెప్పని బాధ ఇదేమోనని నా అనుమానం. గుడ్డ ఎక్కడుందన్నదానికంటే, "ఇది నువ్వే కుట్టావా" అని ఇంట్లో ఒక్కరూ అడగకపోవడం. మూడు నెలలు పనీపాటా లేకుండా కూర్చోవాల్సి వచ్చిన మనిషి లేచి చేసిన పని ఇది. దాన్ని ఫ్రిజ్ మీదికి తోసేస్తే మిమ్మల్నే తోసినట్టు అనిపించింది. అది సహజమే. కాకపోతే ఆ మాట వాళ్లకు గుడ్డ ద్వారా చేరదు, నోటితోనే చెప్పాలి. "ఇది మంచంలో ఉన్నప్పుడు నన్ను నిలబెట్టిన పని" అని మీవారితో ఒక్కసారి అన్నారా? ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయనకు తెలుసులే అని మీరు అనుకుని ఉండొచ్చు. తెలియకపోవచ్చు.

మీరు అడిగిన బీరువా సంగతి. ఎవరైనా వచ్చినప్పుడు మాత్రమే తీస్తే గుడ్డ కొత్తగా ఉంటుంది, గొడవా ఉండదు. కానీ అప్పుడు మీ కాలాల లెక్క పోతుంది. వాన పడుతుండగా వానాకాలం రన్నర్ బల్ల మీద కనిపించడమే కదా మీకు కావాల్సింది. ఇక భోజనాలు అయ్యాక రాత్రి పరిచి పొద్దున తీసేయడం అని కూడా ఒక చోట రాశారు. అది ఎవరు చేస్తారో మీకూ నాకూ తెలుసు. మూడు వారాలు చేస్తారు, నాలుగో వారం విసుగొస్తుంది.

పట్టుబట్టాలా అన్న ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. చోటు కోసం పట్టుబట్టండి, ఆ టేబుల్ కోసం వద్దు. ఐదుగురికి ఒక్కటే టేబుల్ ఉన్న ఇంట్లో అది ఎవరి సొంతమూ కాలేదు. కానీ ఒక గోడ, ఒక అల్మరా పైభాగం, మిషన్ పెట్టుకునే మూల మీదని గట్టిగా అడగొచ్చు. కాదంటే అప్పుడు అది వేరే సమస్య, మళ్లీ రాయండి.

అత్తగారి విషయంలో మీకంటే నాకు ఎక్కువ తెలియదు. అయినా ఒక మాట. విసుగుతో తీసేసేవాళ్లు ఉండచుట్టి పడేస్తారు. నాలుగు మడతలు వేసి, గిన్నెలు తగలని ఎత్తులో, రోజూ ఒకే చోట పెట్టేవాళ్లు దాన్ని కాపాడుతున్నారేమో కూడా. ఆవిడ మౌనం మీకు తిట్టులా వినిపిస్తోంది. నిజంగా తిట్టే కావచ్చు, కాకపోనూవచ్చు. అడిగి చూడటానికి ఒక మంచి సాకు ఉంది. రోజూ అవే మడతలు వేస్తే ఆ గీతల మీద బ్యాటింగ్ నలిగి, ముడత శాశ్వతంగా పడిపోతుంది. "అత్తయ్యా, దీన్ని మడతపెట్టకుండా ఇలా చుడదాం" అని ఒక అట్టగొట్టానికి పాత కాటన్ గుడ్డ చుట్టి, దాని మీద రన్నర్ డిజైన్ పైకి ఉండేలా చుట్టి చూపించండి. ఆవిడ ఏమంటారో వినండి. మడతల గురించి మొదలైన మాట ఎటైనా పోవచ్చు.

అబ్బాయి సంగతి మాత్రం వీటన్నిటికంటే ముందు. రన్నర్ ఊసు లేకుండా, మరక ఊసు లేకుండా "ఆ రోజు అంత అరవాల్సింది కాదురా" అని చెప్పండి. "కానీ నువ్వు కూడా" అని ఆ వాక్యాన్ని పొడిగించొద్దు.

మరక పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను, నెలలు గడిచాయి. దాన్ని ఇప్పటిదాకా ఇస్త్రీ చేయకుండా ఉంటే కొంత ఆశ ఉంది, వేడి తగిలితే రంగు గుడ్డలో ఇంకిపోతుంది. పెద్ద టబ్బు నిండా నీళ్లు, డిటర్జెంట్ వేసి రన్నర్ మొత్తం మునిగేలా రాత్రంతా నానబెట్టండి. నీళ్లు ఎక్కువ ఉండటం ముఖ్యం. దిగిన రంగు నీళ్లలోనే తేలాలి, మళ్లీ గుడ్డకు అంటకూడదు. నీళ్లు తేటగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి. అప్పటికీ మిగిలిన మచ్చల మీద ఒక్కో ఆకు ముక్క కుట్టేయండి. మీ డిజైన్ ఆకులే కదా, ఇంకో మూడు రాలాయనుకుంటే సరి.

ఇప్పుడు అలల బార్డరు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరం చదువుతూ నేను మొదట ఆగింది ఇక్కడే. మధ్య భాగం 24 పట్టీలు, ఒక్కోటి కుట్టాక 3 అంగుళాలు రావాలి, మొత్తం 72. కాబట్టి బార్డరు కూడా 72 కోశానని రాశారు. కాగితం మీద లెక్క తప్పు లేదు. కానీ 24 పట్టీలకు 23 అతుకులు. కుట్టేటప్పుడు పావు అంగుళం వదలాల్సిన చోట ప్రతి పట్టీకీ అంగుళంలో 16వ వంతు ఎక్కువ పోయిందనుకోండి. కంటికి కనపడదు. అతుక్కి రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు. 23 అతుకులకు దాదాపు 3 అంగుళాలు! మీ మధ్య భాగం 72 లేదు, 69 చిల్లర ఉండి ఉంటుంది. దానికి 72 అంగుళాల బార్డరు కుడితే మిగిలిన ఆ గుడ్డ ఎక్కడికి పోతుంది? అలలుగా లేస్తుంది. ఆరుసార్లు కాదు, అరవైసార్లు ఇస్త్రీ చేసినా పోదు. పైగా ఇస్త్రీపెట్టెను చీర మీద లాగినట్టు లాగితే గుడ్డ ఇంకా సాగుతుంది. ఎత్తి పెట్టాలి, మళ్లీ ఎత్తి పెట్టాలి, అంతే.

అందుకే పావు అంగుళం అన్నప్పుడు చేయి తిరిగినవాళ్లు ఒక దారం మందం తక్కువే కుడతారు. అతుకు మడిచినప్పుడు ఆ మందం మడతలోకి పోతుంది. బార్డరును ఎప్పుడూ కాగితం మీది లెక్కకు కోయొద్దు. అంచు వెంబడి కూడా కొలవొద్దు, అంచు సాగి ఉంటుంది. మధ్య భాగాన్ని నేల మీద పరిచి, నడిమధ్యలో కొలిచి, ఆ కొలతకే రెండు బార్డర్లూ కోయండి. ముందు రెండు కొసలకు, తర్వాత సగానికి, తర్వాత పావులకు గుండుసూదులు పెట్టి అప్పుడు మిషన్ మీదికి తీసుకెళ్లండి. అదృష్టం ఏమిటంటే, మీరు ఇంకా బ్యాటింగ్, అస్తరు వేయలేదు. కుట్టు విప్పడం ఒక సాయంత్రం పని.

వానలు వెళ్లిపోతున్నాయన్న టెన్షన్ గురించి. కాలం మొదలయ్యాక మొదలుపెడితే ఎవరికైనా ఇలాగే అవుతుంది, నాకూ అవుతుంది. ఒక కాలం ముందుగా కుట్టేవాళ్లు ఉన్నారు, వాళ్లంటే నాకు కొంచెం అసూయ. మీకు ఇంకో వీలుంది. అస్తరుగా పాత గుడ్డేదో వేయకుండా ఇంకో కాలానికి సరిపడే గుడ్డ వేయండి. తిరగేస్తే రెండో రన్నర్. అప్పుడు ఏడాదికి నాలుగు అక్కర్లేదు, రెండు చాలు. అడుగువైపు కుట్లు కూడా కనపడతాయి కాబట్టి బాబిన్ దారం (మిషన్‌లో కిందినుంచి వచ్చే దారం) ఆ గుడ్డ రంగుది ఎక్కించాలి, అంచు చుట్టూ కుట్టే పట్టీ, అదే బైండింగ్, రెండు వైపులకూ నప్పాలి. ఏదైనా ఒలికితే రెండు కాలాలూ ఒకేసారి తడుస్తాయి, అదీ ఉంది. కాబట్టి గోడ రన్నర్లకు ఇది బాగుంటుంది, తినే బల్లకు నేనైతే చేయను.

మీ ఆడపడుచుకు కుట్టాలనిపిస్తే కుట్టండి, లేకపోతే లేదు. "ఒక్కోదానికి నాకు ఇరవై గంటలు పైనే పడుతోంది, నీ టేబుల్ కొలతలు రాసి పంపు, చూస్తాను" అనండి. నా అనుభవంలో చాలామంది ఆ కొలతలు పంపరు. పంపితే ఆవిడకు నిజంగానే కావాలన్నమాట.

మానెయ్యాలా అన్నదానికి, అలిసిపోతే ఆపండి, ఆరు నెలలైనా సరే. కోపంతో మాత్రం ఇప్పుడే మిషన్ మూసెయ్యకండి. కనీసం ఆ బార్డరు విప్పి మళ్లీ వేసి చూడండి. మధ్యలో కొలవమన్నాను కదా, దాదాపు ఆరడుగుల గుడ్డను ఒక్కరే కొలిస్తే టేపు జారుతుంది, అంగుళం అటూఇటూ అవుతుంది. రెండో కొస పట్టుకోవడానికి మీ అబ్బాయిని పిలవండి.